యోసేపు కొట్లు తెరిచిన రోజు



ఆదికాండము 41వ అధ్యాయం మీద నేను ఎన్నిసార్లు ప్రసంగం చేశానో లెక్క లేదు. మీరూ చాలాసార్లు విన్నారు. బలిసిన ఆవులు ఏడు, చిక్కిన ఆవులు ఏడు. ఏడేళ్ళ పంట, ఏడేళ్ళ కరువు. పండిన దాంట్లో అయిదో వంతు తీసి దాచాలన్నాడు యోసేపు, అంటే నూటికి ఇరవై. అక్కడిదాకా వచ్చి, కాబట్టి అందరూ పొదుపు చేయండి అని ముగించేస్తాం మా పాస్టర్లమంతా. కానీ అధ్యాయం అక్కడ అయిపోలేదు. ఇంకా కిందికి, 56వ వచనం దగ్గరికి వెళ్తే యోసేపు కొట్లు తెరుస్తాడు. దాచడానికి ఏడేళ్ళు పట్టింది. తెరవడానికి ఒక రోజు వచ్చింది. ఆ రోజు ఏదో అతనికి ఎట్లా తెలిసింది?

ఈ మధ్య మన సంఘంలో నా దగ్గరికి వచ్చిన ముగ్గురు నలుగురు ఈ ప్రశ్ననే వేరువేరు మాటల్లో అడిగారు. ఒకరు పీఎఫ్ తీయాలా అని, ఒకరు బ్యాంకులో ఉన్నది ముట్టాలా అని. అందుకే ఈసారి ఇదే రాస్తున్నాను. కొంచెం పొడుగైంది. సెకండ్ షిఫ్టు వాళ్ళు రేపు చదువుకోండి.

జీతాలు పడే వారం మన బొల్లారం ఎట్లుంటుందో మీకు నేను చెప్పేదేముంది. ఏడో తారీఖు నుంచి పదో తారీఖు దాకా ఏటీఎం దగ్గర లైను, వైన్స్ దగ్గర అంతకన్నా పెద్ద లైను. రూము కిరాయి, కిరాణం ఖాతా, చిట్టీ, ఫైనాన్స్ వాళ్ళ వాయిదా, ఊళ్ళో అమ్మానాన్నకు పంపేది. ఇరవయ్యో తారీఖుకు మళ్ళీ చేబదులు. ఇందులో దాచేదెక్కడుంది పాస్టర్ గారూ అంటారు. నిజమే. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు ముందు సారా దుకాణాల మీదికి వెళ్ళారు. ఆ తర్వాతే అదే జిల్లాలో రోజుకో రూపాయి పొదుపు మొదలైంది. కుండ అడుగున బొక్క ఉంటే నీళ్ళు పోసి లాభం లేదని ఆ తల్లులకు ఎవరూ వాక్యం చెప్పనక్కర్లేకపోయింది.

అయితే మీకు తెలియకుండానే మీలో చాలామంది దాస్తున్నారు. జీతం చీటీ మీద పీఎఫ్ అని ఉంటుంది చూడండి, అది. పీఎఫ్ లెక్కకు వచ్చే జీతం 15,000 అనుకుందాం. అందులో 12 శాతం, అంటే 1,800 మీ దగ్గర కోస్తారు. కంపెనీ మరో 1,800 వేయాలి. కంపెనీ వేసే దాంట్లో 1,250 పెన్షన్ వైపు పోతుంది, 550 మీ ఖాతాలో కలుస్తుంది. మొత్తం నెలకు 2,350. ఏడాదికి 28,200. 2024-25 సంవత్సరానికి ప్రకటించిన వడ్డీ 8.25 శాతం. అదే వడ్డీ కొనసాగితే పదేళ్ళకు 4 లక్షలు దాటుతుంది. గల్లగురిగిలో చిల్లర వేసి కదిలించి చూసుకునే మనకు, ఈ గురిగి కనబడదు, చప్పుడు చేయదు. అందుకే మిగిలింది కూడా.

కనబడేది ఎప్పుడంటే కాంట్రాక్టు మారినప్పుడు. ఒక కాంట్రాక్టరు పోయి ఇంకొకరు వస్తారు. పని అదే, గేటు అదే, మెషీను అదే. కానీ కాగితం మీద మీరు ఉద్యోగం మానేసినట్టు. అప్పుడు ఫోన్‌లో ఎవరో చెబుతారు, పీఎఫ్ తీసుకోవచ్చన్నా అని. కొన్నాళ్ళకు పైసలు పడతాయి. తర్వాత ఆదివారం తమ్ముడు కొత్త బండి మీద వచ్చి, ప్రార్థన చేయండి పాస్టర్ గారూ అని తాళంచెవి నా చేతిలో పెడతాడు. నేను ప్రార్థన చేస్తాను. బండి క్షేమం కోసం చేస్తాను. మనసులో మాత్రం ఆ తమ్ముడి పెన్షన్ గుర్తొస్తుంది. పది సంవత్సరాల సర్వీసు నిండితేనే పీఎఫ్ పెన్షన్‌కు అర్హత. మొత్తం తీసేసినప్పుడు చాలామంది పెన్షన్ వాటా కూడా తీసేస్తారు. దాంతో వెనకటి సర్వీసు కొట్టుకుపోయి, లెక్క మళ్ళీ సున్నా నుంచి మొదలు. నాలుగేళ్ళకోసారి తీసుకుంటూ పోతే ఇరవై ఏళ్ళు పనిచేసినా పది నిండవు. యూఏఎన్ నంబరు ఒకటే ఉంటుంది కాబట్టి పాత ఖాతాలోది కొత్త దాంట్లోకి మార్పించుకోవచ్చు. బండి కొనొద్దని నేననను. నైట్ షిఫ్టు అయ్యాక ఆ చీకట్లో నడిచి వచ్చేవాళ్ళకు బండి సోకు కాదు. కానీ ఆ బండికి ఎన్ని సంవత్సరాలు ఇచ్చి కొన్నారో తెలిసి కొనాలి కదా.

ఇప్పుడు యోసేపు దగ్గరికి వద్దాం. ఆదికాండము 47వ అధ్యాయం మనం ఎక్కువ చదవము. చదివితే కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. కరువు ముదిరింది. జనం మొదట డబ్బులిచ్చి ధాన్యం కొన్నారు. డబ్బులు అయిపోయాయి. తర్వాత గొర్రెలు, పశువులు, గాడిదలు తోలుకొచ్చి ఇచ్చారు. మరుసటి ఏడు పొలాలు ఇచ్చారు. చివరికి మమ్మల్నే కొనుక్కో, ఫరోకు దాసులుగా ఉంటామన్నారు. ఆలోచించండి. ఏడేళ్ళ పాటు ఆ దేశంలో ఇసుక లెక్కన ధాన్యం పండింది. రాజుగారి కొట్లు నిండాయి. మరి ఈ ఇళ్ళల్లో ఎందుకు ఏమీ లేదు? వాక్యం కారణం చెప్పదు. నేనూ ఊహించి చెప్పను. కానీ కొట్టు ఎవరిది అయితే తాళం వాళ్ళ దగ్గరే ఉంటుంది.

మా తాతల కాలం నాటి వెట్టి కథలు విన్నవాళ్ళకు ఈ వరుస కొత్త కాదు. ముందు చెంబు, తర్వాత ఎడ్లు, తర్వాత ఎకరం, తర్వాత కొడుకు దొర ఇంట్లో జీతగాడు. తెలంగాణలో మన సంఘాల్లో సగం ఇళ్ళు ఆ వరుసలోంచి నడిచి వచ్చినవే. పెళ్ళికో చావుకో చేసిన చిన్న అప్పు ఒక తరం మనిషిని తినేసింది.

అందుకే పొదుపు గురించి నాకున్న ఆలోచన చాలా చిన్నది. ధనవంతులు కావడానికి కాదు. లూకా 12లో కొట్లు పడగొట్టి పెద్దవి కట్టాలనుకున్నవాడి సంగతి మనకు తెలుసు, ఆ రాత్రికి అతని ప్రాణమే లేదు. మన ఇంట్లో ఎవరూ అమ్ముడుపోకుండా ఉండడానికి పొదుపు. మూడు నెలల తిండి ఇంట్లో ఉన్నవాడు సూపర్‌వైజర్ ముందు నిలబడి, మాస్కు ఇవ్వకుండా ఆ రియాక్టర్ దగ్గరికి నేను పోను సార్ అని చెప్పగలడు. రేపటికి బియ్యం లేనివాడు చెప్పలేడు. కాబట్టి దాచింది ఎప్పుడు తెరవాలి అని నన్నడిగితే నేను ఎదురు అడిగే ప్రశ్న ఒకటే. ఇది తెరవకపోతే మీ ఇంట్లో ఎవరు అమ్ముడుపోతారు? ఒకరి ఆరోగ్యమా, పిల్లల చదువా, ఊళ్ళో ఉన్న ఆ అర ఎకరమా, నూటికి మూడు రూపాయల మిత్తి కింద మీరేనా? ఎవరూ లేరంటే ఇంకా ఆ రోజు రాలేదు.

2020లో ఆ రోజు వచ్చింది. మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ చెప్పారు. మందుల కంపెనీలు కొన్ని నడిచాయి గానీ, ఫ్యాబ్రికేషన్ షెడ్లు, కట్టడం పనులు, హమాలీ, అన్నీ ఆగిపోయాయి. మన పక్కనే కందిలో ఐఐటీ కట్టడం పనికి వచ్చిన కూలీలు, మమ్మల్ని ఇంటికి పంపండి అని ఏప్రిల్ చివర్లో ఆందోళన చేశారు. మే 1న తెల్లవారక ముందే సుమారు 1,200 మందితో లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు రైలు వెళ్ళింది. వలస కూలీల కోసం దేశంలో కదిలిన మొదటి రైలు అదే. ఆ రైలు ఎక్కినవాళ్ళను తలుచుకుంటే నాకు పొలాలు ఇచ్చేసిన ఐగుప్తు జనమే కళ్ళ ముందు కదులుతారు.

ఆ మార్చి 28నే పీఎఫ్ నియమం మార్చారు. మూడు నెలల బేసిక్, డీఏ గానీ, ఖాతాలో ఉన్నదాంట్లో 75 శాతం గానీ, ఏది తక్కువైతే అది తీసుకోవచ్చు, తిరిగి కట్టనక్కర్లేదు అన్నారు. మన సంఘంలో కొందరు తీసుకుని బియ్యం, కిరాయి, మందులు చూసుకున్నారు. తీసుకోవడానికి సిగ్గుపడ్డ ఒక సహోదరుడికి నేనే ఫోన్ చేశాను. అయ్యా, ఇది చిక్కిన ఆవుల సంవత్సరం, ఇప్పుడు తెరవకపోతే ఇంకెప్పుడు అన్నాను. అంతకు ముందు ఏడాదే కాంట్రాక్టు మారినప్పుడు మొత్తం తీసేసుకున్నవాళ్ళకు మాత్రం ఆ నియమం వల్ల ఒరిగిందేమీ లేదు. ఖాతా ఉంది, అందులో ఏమీ లేదు.

పీఎఫ్ నియమాలు మారుతుంటాయి, ఇది కూడా గుర్తుంచుకోండి. 2025 అక్టోబరులో పీఎఫ్ ట్రస్టు బోర్డు, ఖాతాలో 25 శాతం ఎప్పుడూ మిగిలి ఉండాలని నిర్ణయం చేసింది. కొందరికి కోపం వచ్చింది, మా పైసలు మాకివ్వరా అని. ఆ కోపంలో న్యాయం లేదనను. తెరిచే ముందు అప్పటి నియమం ఏమిటో తెలిసినవాళ్ళను అడగండి. నెట్ సెంటర్‌లో కమిషన్ తీసుకుని క్లెయిమ్ పెట్టే పిల్లవాడిని కాదు.

తెరవకూడని రోజు తెరిచేవాళ్ళ గురించి చెప్పాను. తెరవాల్సిన రోజు తెరవనివాళ్ళూ ఉన్నారు. వాళ్ళను మనం మెచ్చుకుంటాం కాబట్టి వాళ్ళ తప్పు మనకు కనబడదు. ఒక కుటుంబం సంగతి, పేర్లు చెప్పకుండా, వాళ్ళ అనుమతితోనే రాస్తున్నాను. అన్నకు జీతం 21,000 దాటింది, దాంతో ఈఎస్‌ఐ ఆగిపోయింది. బండి మీద నుంచి పడి కాలు విరిగింది. ప్రైవేటు ఆస్పత్రిలో 80,000 అయింది. బ్యాంకులో బిడ్డ పెళ్ళికని 2 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. దాన్ని ముట్టలేదు. 80,000 బయట మూడు రూపాయల మిత్తికి తెచ్చారు. నెలకు 2,400 మిత్తి. నేను కాగితం మీద రాసి చూపించాను. ఆ 80,000 బ్యాంకులో ఉంటే 7 శాతం లెక్కన సంవత్సరమంతా కలిపి 5,600 వస్తుంది. మీరు బయట కట్టేది 28,800. బిడ్డ పెళ్ళి డబ్బులు కాపాడుతున్నామని ఏటా 23,200 ఎవరికో ఇస్తున్నారు.

ఆ చెల్లెమ్మ చెప్పిన జవాబు నేను మర్చిపోలేదు. "లెక్క మీరు చెప్పిందే కరెక్టు అయ్యగారూ. కానీ బయటి అప్పయితే మిత్తికి మనిషి గడప ముందుకొస్తాడు, కడుపు కట్టుకొనైనా కడతాం. డిపాజిట్ పగలగొడితే దాన్ని మళ్ళీ నింపమని మా గడప ముందుకు ఎవరొస్తారు?"

ఇందులో సగం నిజముంది. బైబిల్ కాలేజీలో నేర్పని నిజం. మనలను మనం నమ్మలేకనే చిట్టీ వేస్తాం, గొలుసు కొంటాం. అందుకని నేను ఇంకొకటి చెప్పాను. డిపాజిట్ పగలగొట్టండి, ఆ మూడు రూపాయల అప్పు తీర్చండి, నెలనెలా ఆ 2,400 మిత్తి తీసుకొచ్చి మీ మహిళా సంఘం పొదుపులోనో పోస్టాఫీసు ఆర్డీలోనో కట్టండి. గడప ముందుకు మనిషి రావాలంటే నేనొస్తాను ప్రతి నెలా పదో తారీఖున. ఆమె నవ్వింది. రెండు నెలలు ఆలోచించి చేశారు. నేను ఇప్పటికీ పదో తారీఖున వెళ్తున్నాను, టీ ఇస్తున్నారు.

అన్నిటికన్నా కష్టమైనది మన సంఘంలోనే, మన స్లాబు దగ్గరే జరిగింది. ఇది రాయాలా వద్దా అని ఆలోచించి, ఆ సహోదరిని అడిగి రాస్తున్నాను. మన మందిరం రేకులు ఎట్లున్నాయో మీకు తెలుసు. వాన పడితే కీబోర్డు మీద ప్లాస్టిక్ కవరు కప్పాలి. స్లాబు కోసం కానుకలు ప్రకటించాం. ఒక విధవరాలు, ఒక కంపెనీ ప్యాకింగ్‌లో కాంట్రాక్టు మీద పనిచేసే సహోదరి, చిట్టీ ఎత్తిన 50,000 మొత్తం కవరులో పెట్టి తెచ్చింది. పెద్దలు సంతోషించారు. నేను తీసుకోలేదు. కొడుక్కి పాలిటెక్నిక్‌లో సీటు వచ్చిందని అంతకు ముందు వారమే సాక్ష్యం చెప్పింది కదా, ఫీజు సంగతి ఏమిటమ్మా అన్నాను. దేవుడు చూసుకుంటాడు అంది. ఇంట్లో ఎన్ని నెలలకు సరిపడా ఉంది అన్నాను. ఆమెకు కోపం వచ్చింది. రెండు కాసులు వేసిన విధవరాలిని ప్రభువు ఆపాడా, మీరెవరు ఆపడానికి అంది.

మార్కు 12 తెరిచి చూపించాను. ప్రభువు ఆ విధవరాలిని గురించి మాట్లాడక ముందు ఏం మాట్లాడుతున్నాడో చూడమన్నాను. విధవరాండ్ర ఇళ్ళు మింగేసే శాస్త్రుల గురించి మాట్లాడుతున్నాడు. రెండూ పక్కపక్కనే ఉన్నాయి. ఆ కాసులను ప్రభువు గొప్పగా చెప్పాడు, వాటిని లెక్క పెట్టుకునేవాళ్ళను గొప్పగా చెప్పలేదు. ఈ మాట ఆమె కోసం చెప్పలేదు, నా కోసం, పెద్దల కోసం చెప్పాను. ఆమె ఊరుకోలేదు. అయితే ఆ విధవరాలు చేసింది తప్పా పాస్టర్ గారూ అని అడిగింది. తప్పు కాదు. ఎవరి బలవంతమూ లేకుండా ఇచ్చింది. 300 దేనారాల అత్తరు బుడ్డి పగలగొట్టిన స్త్రీదీ తప్పు కాదు. ఒక కూలివాడి సుమారు ఏడాది కూలి అది. వృథా అన్నవాళ్ళ నోరు ప్రభువే మూయించాడు. అట్లాంటి ఖర్చుకు నా దగ్గర కొలబద్ద లేదు, లెక్క కాగితం పనికిరాదు. నాకు తెలిసింది, ఈ కవరు వల్ల అమ్ముడుపోయేది ఎవరో నాకు కనబడుతోంది. పదహారేళ్ళ పిల్లవాడు, కంపెనీ గేటు దగ్గర.

అప్పుడు చెప్పింది ఆమె, అది మ్రొక్కుబడి అని. భర్త ఆస్పత్రిలో ఉన్నప్పుడు మొక్కింది. ఆయన బతకలేదు. అయినా మొక్కింది మొక్కిందే అంటుంది. నేను కాసేపు మాట్లాడలేకపోయాను.

చివరికి ఆ రోజు 10,000 ఇచ్చి, మిగతాది కొడుకు ఫీజు కట్టాక మెల్లగా ఇస్తానంది. రెండు ఆదివారాలు నాతో మాట్లాడలేదు. పెద్దల్లో ఒకరు ఇప్పటికీ నా మీద అలిగి ఉన్నారు, స్లాబు ఆగింది పాస్టర్ వల్లనే అని. ఆగింది. మెదక్ చర్చి చరిత్ర ఆయనకు గుర్తు చేశాను. కరువు రోజుల్లో పోస్నెట్ దొరగారు జనానికి పని పెట్టి, అన్నం పెట్టి ఆ గుడి కట్టించారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. జనం చేతిలో ఉన్నది తీసుకుని కాదు, జనం చేతిలో పెట్టి కట్టారు. మనం అంత పెద్దవాళ్ళం కాదులెండి, మన దగ్గర పెట్టడానికి ఏమీ లేదు. కనీసం తీసుకునేటప్పుడు చూసి తీసుకుందాం. ఈ వానాకాలం కూడా కీబోర్డు మీద కవరే.

ఇంకొక్క సంగతి. 2025 జూన్ 30న మన పాశమైలారంలో జరిగిన పేలుడు మనలో ఎవరూ మరచిపోలేదు. 40 మందికి పైగా పోయారు. మన బస్సుల్లో, మన టీ కొట్ల దగ్గర కనబడిన మనుషులు. అప్పటినుంచి నేను ఇళ్ళకు వెళ్ళినప్పుడు ఒక ప్రశ్న అడుగుతున్నాను: మీ పీఎఫ్‌లో నామినీ ఎవరు? చాలామందికి తెలియదు. కొందరికి పెళ్ళికి ముందు రాసిన పేరే ఉంది. ఒకరికి చనిపోయిన తండ్రి పేరు ఉంది. పీఎఫ్ ఉన్న కార్మికుడు ఉద్యోగంలో ఉండగా చనిపోతే, ఖాతాలో ఉన్నది కాక, ఈడీఎల్‌ఐ అనే బీమా కింద గరిష్ఠంగా 7 లక్షల దాకా కుటుంబానికి వస్తుంది. దానికి మన జీతంలో ఒక్క పైసా కోయరు, కంపెనీయే కడుతుంది. ఈఎస్‌ఐ ఉన్నవాళ్ళు పనిలో ప్రమాదం వల్ల చనిపోతే భార్యాపిల్లలకు నెలనెలా వచ్చే పింఛను వేరే ఉంది. ఇవన్నీ ఉన్నాయని ఇంట్లో ఆడవాళ్ళకు తెలియాలి. యూఏఎన్ నంబరు మీ ఫోన్‌లో ఒక్కచోటే ఉంటే, ఫోన్ మీతో పాటే పోతుంది. గోడ క్యాలెండరు వెనక రాసి పెట్టండి, బైబిల్ మొదటి పేజీలో రాసి పెట్టండి.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక యూత్ పిల్లలు ఇద్దరు లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటారు. నామినీ పేరు ఆన్‌లైన్‌లో మార్చిపెడతారు, పాత ఖాతాలు ఉన్నవాళ్ళకు కొత్త దాంట్లోకి మార్పించే దరఖాస్తు కూడా పెడతారు. పైసలు ఏమీ తీసుకోరు. ఆధార్ కార్డు, ఆధార్‌కు కలిపిన ఫోను, నామినీ ఫోటో తెచ్చుకోండి. నైట్ షిఫ్టు దిగి వచ్చేవాళ్ళ కోసం మొదటి ఆరాధన అయ్యాక కూడా ఒక గంట ఉంటారు. భార్యను వెంటబెట్టుకుని రండి.